వాన పడ్డాక వచ్చే చావులు

1871 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షలకు పైగా జనం ఉన్నారు. పదేళ్లకు మళ్లీ లెక్కపెడితే ఏడు లక్షలు కూడా తేలలేదు. ఆ మధ్యలో వచ్చింది 1876–78 కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. తగ్గిన వాళ్లంతా చనిపోయిన వాళ్లే కాదు. కొందరు ఊరు వదిలి పోయారు. పుట్టాల్సిన పిల్లలు చాలామంది పుట్టనే లేదు. అయినా చావులే ఎక్కువ. బ్రిటిష్ పాలనలో ఉన్న ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది పోయారని అప్పటి ప్రభుత్వమే అంచనా వేసింది. తర్వాతి చరిత్రకారుల్లో కొందరు ఆ లెక్కను కోటి దాకా తీసుకెళ్లారు.

ఇంతమంది దేనివల్ల పోయారని వెతికితే ఒక విషయం బయటపడుతుంది. ఆనాటి మద్రాసు ప్రభుత్వం చావుల్ని కొన్ని పద్దుల కింద రాసుకునేది: కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతరాలు. ఆకలికి పద్దు లేదు, కరువుకీ లేదు. నేటికీ పరిస్థితి అదే. మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం దగ్గర ఎవరూ ‘కరువు’ అని రాయరు. విరేచనాలనో, జ్వరమనో, గుండె ఆగిందనో, వడదెబ్బ అనో రాస్తారు. కరువు మనిషిని నేరుగా ముట్టుకోవడం అరుదు. నీళ్ల మీదుగా, తిండి మీదుగా, దోమ మీదుగా, అప్పు మీదుగా వస్తుంది. ఒక్కో దారికి ఒక్కో వ్యవధి ఉంటుంది. కొన్ని వారాల్లో చంపుతాయి, కొన్నిటికి పదిహేనేళ్లు పడుతుంది. దీన్ని అర్థం చేసుకోకపోతే వాన పడగానే కరువు అయిపోయిందనుకుంటాం. ధాత కరువు నేర్పిన పాఠం దానికి సరిగ్గా వ్యతిరేకం.

1876లో వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో చెరువులు అడుగంటాయి. అనంతపురం అప్పటికి విడి జిల్లా కాదు, బళ్లారిలో భాగం. మొదట దెబ్బతీసింది తిండి లేకపోవడం కన్నా నీళ్లు లేకపోవడమే. సీమలో చెలమ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండిన ఏటి ఇసుకలో మోకాటి లోతు, నడుము లోతు తవ్వుకుంటూ పోతే అడుగున తడి తగులుతుంది. కాసేపటికి చిప్పెడు నీళ్లు ఊరతాయి. ఒకరు గుంతలోకి దిగి ఆ చిప్పతోనే తోడి బిందెలో పోస్తారు. మళ్లీ ఊరేదాకా మిగతావాళ్లు గట్టున కాచుకుని ఉంటారు. దప్పికకు ఆగలేని పశువులూ అక్కడికే వస్తాయి. పది బావులకు పోవాల్సిన జనం ఒక్క గుంతకు చేరతారు. కలరా సోకిన ఒక్క చెయ్యి ఆ చిప్పకు తగిలితే ఊరంతటికీ చేరడానికి రెండు రోజులు చాలు. 1877 మొదటి నెలల్లో జరిగింది ఇదే. ప్రభుత్వం కూలి ఇచ్చి చేయించే కరువు పనుల దగ్గరా, గంజి శిబిరాల దగ్గరా వేలమంది ఒక్కచోట పోగవడంతో కలరా ఇంకా విజృంభించింది.

రెండో దెబ్బ ప్రభుత్వ నిర్ణయం రూపంలో వచ్చింది. ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో ఒక్కో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. దానితో రోజంతా మట్టి తవ్వాలి, రాళ్లు కొట్టాలి. ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. కనీసం పౌనున్నర ధాన్యం ఉండాలి, దానికి తోడు పప్పూ కూరగాయలూ ఉండాలి, లేకపోతే పని చేయించి మరీ చంపినట్టే అవుతుందన్నది అతని వాదన. ఆ పోరు ఫలించి మద్రాసు ప్రభుత్వం కూలీని 570 గ్రాముల ధాన్యానికీ, 43 గ్రాముల పప్పుకీ పెంచింది. అప్పటికే ఆలస్యమైంది. మనకు బాగా తెలిసిన బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు నగరం గుండా పోయే భాగాన్ని తవ్వింది ఈ కరువు కూలీలే. వానలు తప్పడం ప్రకృతి చేసిన పని. 450 గ్రాముల కూలీ మాత్రం మనుషులు చేసిన పని. ఈ రెండింటినీ కలిపేసి ‘కరువు చంపింది’ అనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఇంతకీ తిండి తగ్గిన ఒంట్లో ఏం జరుగుతుంది? మొదట కొవ్వు కరుగుతుంది, తర్వాత కండ కరుగుతుంది. ఇది కంటికి కనిపించేది. కనిపించనిది పేగుల్లో జరుగుతుంది. తిన్నదాన్ని పీల్చుకునే పేగు లోపలి పొర రోజూ కొత్తగా తయారవుతూ ఉండాలి. దానికి మాంసకృత్తులు కావాలి. అవి అందకపోతే పొర పల్చబడిపోతుంది. అప్పుడు తిన్న కాస్త గంజి కూడా ఒంటికి పట్టదు, నీళ్లలా బయటికి పోతుంది. మద్రాసులోని రాయపురం శిబిరంలో చనిపోయినవాళ్లకు అలెగ్జాండర్ పోర్టర్ అనే వైద్యుడు శవపరీక్షలు చేసి, పల్చబడి ఎండిపోయిన ఇలాంటి పేగుల్నే చూశాడు. రిజిస్టర్లో వాళ్లు కడుపు జబ్బు పద్దు కింద చేరి ఉంటారు. నిజానికి ఆ కడుపు జబ్బు ఆకలికి మరో పేరు.

రోగాల్ని ఎదిరించే శక్తి కూడా ఇలాగే పోతుంది. కడుపు నిండిన పిల్లల్లో ఎక్కువమంది తట్టు పోసినా వారం పది రోజుల్లో లేస్తారు. విటమిన్ ఏ అడుగంటిన పిల్లలకు అదే తట్టు న్యుమోనియాకు దారి తీస్తుంది, చూపు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం లాంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి గుండె ఆగవచ్చు. అందుకే తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు మొదటి రోజుల్లో కొలిచి, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెడతారు. పాపం ఆకలితో ఉన్నాడని జాలిపడి ఒక్కసారే తినిపించకూడదు.

ఇక అసలు విషయం. వానలు తిరిగొచ్చాక ధాత కరువులో జ్వరాల వంతు మొదలైంది. దేశంలో వచ్చిన చాలా కరువుల్లో చావులు పతాక స్థాయికి చేరింది నేల బీటలు వారిన వేసవిలో కాదు, తర్వాతి వానాకాలంలో, అది వెనకబడ్డ నెలల్లో. ఆ జ్వరాల్లో ఎక్కువ భాగం మలేరియానే. ఎండిన కుంటలూ గుంతలూ నిండగానే దోమలు ఒక్కసారి పెరుగుతాయి. ఏడాది పాటు దోమ లేక జనంలో మలేరియాను తట్టుకునే శక్తి సన్నగిల్లి ఉంటుంది. పశువుల రక్తం తాగే దోమలకు పశువులు దొరకవు, అవి అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. మిగిలింది మనుషులే. దీనికి తోడు, వాన పడిందని కరువు పనులు ఆపేస్తారు, గంజి శిబిరాలు ఎత్తేస్తారు. వాన పడ్డ మర్నాడే గింజ రాదు కదా. దుక్కి దున్నాలి, విత్తనం వేయాలి, కలుపు తీయాలి. కోత చేతికొచ్చేదాకా మూడు నాలుగు నెలలు. ఒంట్లో శక్తి అడుగంటినప్పుడు ఏడాదిలోకెల్లా బరువైన పని చేయాలి. సాయం ఆగిన రోజు, దోమ పెరిగిన రోజు, పని పెరిగిన రోజు ఒకటే.

ఆ కరువుల లెక్కల్లో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆడవాళ్ల కన్నా మగవాళ్ల చావులే ఎక్కువ. ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు నిల్వ ఎక్కువ ఉండటం దీనికి ఒక వివరణ. చావుల్లో తక్కువైనంత మాత్రాన బాధలో తక్కువని కాదు.

స్వతంత్ర భారతంలో వానలు ఎన్నోసార్లు తప్పాయి. ధాత కరువు లాంటి చావులు మళ్లీ రాలేదు. వర్షం మెరుగుపడి కాదు. వర్షానికీ చావుకీ మధ్య ఉన్న లంకెల్ని ఒక్కొక్కటిగా తెంచడం వల్ల. 1972–73లో మహారాష్ట్రలో ఘోరమైన కరువు వస్తే లక్షల మందికి ప్రభుత్వం పని చూపింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ ఊరిని ఎంచుకోవడం సరైన పని. కరువు కూలీ అంటే ప్రభుత్వం విదిలించే 450 గ్రాముల గింజ కాదు, అడిగి తీసుకునే హక్కు అని చట్టం చెప్పింది ఆ గడ్డ మీదే. 2014, 2015 వరుసగా రెండేళ్లు వానలు తగ్గాక, దేశంలో 33 కోట్ల మంది కరువు బారిన పడ్డారని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. రేషన్ కార్డు లేదన్న కారణంతో ఎవరికీ గింజలు ఆపొద్దని, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని 2016లో కోర్టు ఆదేశించింది. ఆ తీర్పు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఏ లెక్కలోనూ కనిపించదు.

ఈ ఏర్పాట్లు లేని చోట ఏమవుతుందో సోమాలియా చూపిస్తోంది. అక్కడ వరుసగా వానలు తప్పిన 2022లో మామూలుగా జరిగే మరణాల కన్నా 43 వేలు ఎక్కువ జరిగాయని అంచనా. అందులో సగం ఐదేళ్ల లోపు పిల్లలే. ఆ ఏడాది అక్కడ లాంఛనంగా క్షామం ప్రకటించనే లేదు.

మన దగ్గర లక్షల చావులు ఆగిపోయాయి గానీ కరువు ఆగలేదు. అది నెమ్మదించింది. అనంతపురంలో ఏడాది మొత్తం కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందులోనూ నమ్ముకున్నది ఎక్కువగా శనక్కాయ పంట. పంట పోయిన ఏడు ఇంట్లో ముందు మాయమయ్యేది అన్నం కాదు. రేషన్ బియ్యం ఉంటాయి, అన్నం ఉంటుంది. పోయేవి పప్పు, గుడ్డు, కూరగాయలు. మేత కొనలేక ఆవునో గేదెనో సంతకు తోలితే ఆ రోజుతో పాలూ పోతాయి. కడుపు నిండుతుంది, రక్తం తగ్గుతుంది. పెద్దవాళ్లు తట్టుకుంటారు. కడుపులో ఉన్న బిడ్డకూ, రెండేళ్ల లోపు బిడ్డకూ ఆ ఏడు మళ్లీ రాదు. బరువు తక్కువతో పుట్టడం, ఎత్తు ఎదగకపోవడం కరువు పోయాక కూడా ఆ పిల్లలతోనే ఉంటాయి. పెద్దయ్యాక చదువులోనూ, ఒంటి శక్తిలోనూ ఆ లోటు కనిపిస్తుంది.

దీన్ని ముందే పసిగట్టే సాధనం చాలా చిన్నది. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల దండచేయి చుట్టూ వేసి కొలిచే రంగుల టేపు. 12.5 సెంటీమీటర్లకు పైన ఆకుపచ్చ. 11.5 నుంచి 12.5 మధ్య పసుపు. 11.5 లోపు ఎరుపు, అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒక మండలంలో పసుపులో ఉన్న పిల్లల సంఖ్య నెలనెలా పెరుగుతోందంటే కరువు ఇళ్లలోకి దిగిందని అర్థం. అప్పటికి ఒక్క చావు కూడా జరిగి ఉండకపోవచ్చు. కానీ కొలత కావాలంటే బిడ్డ ఊళ్లో ఉండాలి. అనంతపురం నుంచి బెంగళూరుకో కేరళకో, పాలమూరు నుంచి ముంబైకో పుణెకో కుటుంబం పోయినప్పుడు బిడ్డ పేరు ఊరి అంగన్‌వాడీలో ఉంటుంది, బిడ్డ మాత్రం ఎక్కడో కట్టడాల పక్కన గుడారంలో ఉంటుంది. టీకా తప్పుతుంది, గుడ్డు తప్పుతుంది. ఇరుకు గుడిసెల్లో క్షయ సులువుగా అంటుకుంటుంది. కరువు ఎక్కువగా తగిలిన పిల్లలే కరువు లెక్కలో కనిపించరు.

ఎండ సంగతి వేరు, కానీ కరువుతో దానికి దగ్గరి చుట్టరికం. నేలలో తడి ఉంటే సూర్యుడి వేడిలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి లేని నేల మీద ఆ వేడంతా గాలికే ఎక్కుతుంది. 2014లో వానలు తగ్గిన తర్వాత వచ్చిన 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు అధికారిక లెక్కల్లోనే 1,500 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పని చేయక తప్పనివాళ్లు, ముసలివాళ్లు. నీళ్లు దొరకని ఊళ్లో పనికిపోయే మనిషి తాగే నీళ్లు తగ్గిస్తాడు. ఆడవాళ్లయితే మరుగు లేని చోట మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని ఇంకా తగ్గించేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు, ఎండదెబ్బకు తొందరగా కూలబడిపోవడం అక్కడి నుంచే వస్తాయి.

తిండి గింజల్లో దాగే విషం గురించి మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటాం. శనక్కాయ ఊరే దశలో వాన తప్పి నేల వేడెక్కితే కాయ పొట్టు చిట్లి ఒక రకం బూజు లోపలికి చేరుతుంది. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీని మీద ఏళ్ల తరబడి పని చేసింది. కొద్దికొద్దిగా తింటూ ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మోతాదు పెరిగితే ప్రాణమే పోతుంది. 2004లో కెన్యాలో కరువు కాలంలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. మంచి కాయ అమ్మేసి, ముడుచుకుపోయిన గింజలు ఇంటికి ఉంచుకునే అలవాటు కరువు ఏడు ఇంకా పెరుగుతుంది. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు వాసన వచ్చే గింజల్ని ఏరి పారేయాలి. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు.

అన్నిటికన్నా ఆలస్యంగా దెబ్బకొట్టేది ఫ్లోరైడ్. పైన ఉన్న నీళ్లు ఎండినకొద్దీ బోరు లోతుకు దిగుతుంది. లోతులోని రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల కొద్దీ తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, తర్వాత ఎముకలు, కీళ్లు, వెన్ను బిగుసుకుంటాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యలోకం ముందు పెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లను పరిశీలించిన షార్ట్, ఆయన సహచరులు. 1970లలో నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు వర్ణించారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. పాలు మానేయించిన కరువే లోతు బోరు నీళ్లు తాగిస్తుంది. నల్గొండలో ఆ గోస తగ్గింది నదీ జలాలు ఊళ్లకు వచ్చాకే. వంగిన ఎముకలు మాత్రం మళ్లీ నిటారు కావు.

ఆ బోరే ఇంటి పెద్ద మనసు మీద కూడా దెబ్బకొడుతుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ నిక్కపొడుచుకున్న చోట పాయింటు పెడతారు. రిగ్గు వస్తుంది. అడుగుకు ఇంత, కేసింగు పైపుకు ఇంత అని బేరం. మూడు వందల అడుగులకు దుమ్మే వస్తుంటే ఇంకో వంద వేద్దామా అని అడుగుతారు. ఆ నిమిషంలో వద్దనగల రైతు అరుదు. అప్పటికే పెట్టింది పోతుందన్న భయం అలాంటిది. బోరు ఎండితే మిగిలేది వడ్డీ. రైతు ఆత్మహత్యలకు కరువొక్కటే కారణమనడం సరికాదు. ధరలు, ప్రైవేటు అప్పులు, కౌలు రైతుకు బ్యాంకు రుణం దొరకకపోవడం, అన్నీ కలుస్తాయి. కానీ వరుసగా రెండో ఏడు పంట పోయిన ఊళ్లో నిద్రపట్టని మగవాళ్లు, అది చూసి తిండి మానేసే ఆడవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లలో చాలామంది మనసు బాగాలేదని ఆసుపత్రికి వెళ్లరు. ఒళ్లు నొప్పులనో గ్యాస్ అనో వెళ్తారు. ప్రభుత్వ టెలిమానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ నంబరు రైతు సేవా కేంద్రం గోడ మీదా, విత్తనాల దుకాణాల్లోనూ రాసి ఉండాలి.

మన ప్రభుత్వాలు కరువును మండలాల వారీగా ప్రకటిస్తాయి. వర్షం ఎంత తగ్గింది, వాన లేని రోజులు వరుసగా ఎన్ని, ఎంత విస్తీర్ణంలో విత్తనం పడింది, నేలలో తేమ, భూగర్భ జలాలు, పంట స్థితి, ప్రధానంగా చూసేవి ఇవి. పంట నష్టాన్ని కొలవడానికి ఇవి సరిపోతాయి, మనుషుల నష్టానికి చాలవు. పైగా ప్రకటన వచ్చేసరికి సీజన్ గడిచిపోతుంది. సాయం చాలావరకు తర్వాతి వానలతోనే ముగుస్తుంది. 1877లో శిబిరాలు ఎత్తేసిన సమయమూ అదే.

అందుకని కరువు మండలంగా ప్రకటించిన చోట ఆరోగ్య శాఖ పని వాన పడ్డ రోజు ఆగకూడదు, పెరగాలి. ఉపాధి పనులూ, అంగన్‌వాడీలో అదనపు గుడ్డూ పాలూ కోత చేతికొచ్చేదాకా కొనసాగాలి. తొలి వానకే జ్వరాల సర్వే, దోమతెరలు, నీళ్ల ట్యాంకుల్లో క్లోరిన్ పరీక్ష మొదలవ్వాలి. వలస నుంచి తిరిగొచ్చిన పిల్లలకు ఆ వారమే టేపు కొలత, తప్పిన టీకాలు అందాలి. చావుల లెక్క కూడా కొత్తగా కట్టాలి. ఈ నెలలో మండలంలో ఎందరు పోయారు, గడిచిన ఐదేళ్లలో ఇదే నెలలో సగటున ఎందరు పోయారు అని పోల్చి, ఎక్కువైన ప్రతి చావునూ ఏ పేరుతో నమోదైనా విచారించాలి. దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. పంచాయతీ కార్యదర్శి దగ్గరున్న జనన మరణాల రిజిస్టరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని జ్వరాల రిజిస్టరు, అంగన్‌వాడీలోని పిల్లల తూకం పుస్తకం, ఈ మూడింటినీ నెలకోసారి ఒకే బల్ల మీద పెట్టి చూసే బాధ్యత మండలంలో ఒక అధికారికి అప్పగిస్తే చాలు. వాన వెనకబడ్డాక కనీసం ఆరు నెలల పాటు ఆ పని ఆగకుండా చూడాలి.